తొట్టి మీది పలకలు

జయలక్ష్మి ఆంటీ నోటికి జంకని తెలుగువాళ్ళు ఆ ఊళ్ళో ఒక్కరూ లేరు. మాంచెస్టర్‌కు ఉత్తరాన, ట్రామ్ లైను చిట్టచివర ఉన్న పాత మిల్లుల ఊరది. ఆమె ప్రొద్దుటూరు మనిషి. కౌన్సిల్ లైబ్రరీలో ఏళ్ళ తరబడి పనిచేసి రిటైరైంది. ఎదుటివాడు డాక్టరు కానీ, ఐటీ మేనేజరు కానీ, చెప్పులు గుడి గడపకు అడ్డంగా విడిచాడా, "ఏం అబ్బీ, మీ ఇంట్లో గూడా ఇట్లనే ఇడుస్తావా?" అని పదిమందిలో అడిగేస్తుంది. అటువంటి మనిషి ఈ మార్చి నెలంతా ఇంటింటికీ తిరిగి బతిమాలింది. చేతులు పట్టుకుంది. ఒక ఇంట్లో కాళ్ళు పట్టుకోబోతే వాళ్ళు వెనక్కి జరిగారు, పాపం గోడ పట్టుకుని లేచింది. ఆమె అడిగినదల్లా ఒక్కటే. తన స్నేహితురాలు మార్జరీ పోతే, ఆమె శవపేటికను ఒక్క అరగంట గుడి లోపల ఉంచనివ్వండి అని.

గుడి అనగానే గోపురమూ ధ్వజస్తంభమూ ఊహించుకునేరు. అదొక పాత చాపెల్, బాప్టిస్టు క్రైస్తవుల ప్రార్థనాలయం. ఎర్ర ఇటుకల గోడ మిల్లుల పొగకు నల్లబడి, ఎవరో కడిగిస్తే సగం తేరుకుని, ఇప్పుడు ఏ రంగో చెప్పలేనట్టు ఉంటుంది. శిఖరం లేదు, గంట లేదు. పైన ముక్కోణపు నెత్తి మీద రాతిలో "ఎబెనేజర్ 1866" అని చాపెల్ పేరూ కట్టిన ఏడాదీ చెక్కి ఉంటాయి. రెండు వాకిళ్ళు, నిలువెత్తు కిటికీలు, వాటికి బొమ్మల్లేని మామూలు అద్దాలు. లోపల మూడు వైపులా గ్యాలరీ, దాన్ని మోస్తూ సన్నటి పోతఇనుప స్తంభాలు. వేరే చర్చిలో అయితే పూజాపీఠం ఉండే చోట ఇక్కడ ప్రసంగాల అరుగు ఉండేది. వాళ్ళకు వాక్యం వినడమే పూజ మరి. అరుగుకు ఎదురుగా, గ్యాలరీ అంచుకు, ఒక గోడ గడియారం. అది జనం వీపు వెనకాల ఉంటుంది. ఎత్తుకున్న ప్రసంగం దించడం తెలియని పాస్టరుగారు చూసుకోవడానికి పెట్టిన గడియారమది. ఇప్పుడు ఆ అరుగు మీద సీతాలక్ష్మణులతో నిలబడిన శ్రీరామచంద్రుడు దాన్ని చూస్తూ ఉంటాడు.

ఆ అరుగు ముందు, భక్తులు నిలబడే చోట, ఎర్ర కార్పెట్ కింద మందపాటి చెక్క పలకలు ఉన్నాయి. ఎత్తడానికి వాటికి ఇనుప కడియాలుంటాయి. పలకలు తీస్తే కింద తెల్లటి పెంకులు పరిచిన పెద్ద నీళ్ళ తొట్టి, దిగడానికి మెట్లు. బాప్టిస్టులు పసిబిడ్డల నెత్తిన నీళ్ళు చల్లరు. బుద్ధి తెలిసినవాడు తనంతట తాను తొట్టిలోకి దిగి, నిండా మునిగి లేవాలి. మార్జరీ పదహారో ఏట అందులో మునిగింది. అప్పట్లో నీళ్ళు కాచేవాళ్ళు కారట. చలికి పళ్ళు టకటకలాడుతూ పైకి లేస్తుంటే గ్యాలరీలోంచి ఒక కుర్రాడు కిసుక్కున నవ్వాడట. ఆ తర్వాత వాణ్ణే కట్టుకుంది.

మార్జరీ, జయలక్ష్మి ఒకే లైబ్రరీలో పనిచేశారు. మార్జరీ పెద్దది, ముందే రిటైరైంది, అయినా ఇద్దరూ వారానికోసారి టీ తాగడం మానలేదు. జయలక్ష్మి ఆమెకు ఉగ్గాణి రుచి చూపించింది, ఆమె ఈమెకు రబర్బ్ అనే పుల్లకాడలతో చేసే తీపి రొట్టె రుచి చూపించింది. ఎదుటివాళ్ళ వంట బాగుందని ఇద్దరూ అబద్ధమే చెప్పుకున్నారు.

జయలక్ష్మి భర్త భానుప్రకాష్ ఏడేళ్ళ కిందట గుండె ఆగి ఆస్పత్రిలోనే పోయాడు. కాటికి తీసుకుపోయేముందు మనిషిని ఒకసారి ఇంటికి తేవాలి కదా. కానీ వాళ్ళుండేది మూడో అంతస్తు ఫ్లాట్. లిఫ్ట్ లేదు, మెట్ల మలుపులో పేటిక తిరగదు. అప్పుడు తెలుగువాళ్ళ పూజలు ఒక అద్దె హాల్లో జరిగేవి. అక్కడ అడిగితే, దేవుడి పటాలున్నాయి, మైల, కుదరదన్నారు. జయలక్ష్మి భర్తను ఎక్కడ పడుకోబెట్టాలో తెలియక, ఆస్పత్రి బస్‌స్టాప్‌లో కూలబడి ఏడ్చింది.

సంగతి విన్న మార్జరీ చాపెల్ తాళాలు పట్టుకుని వచ్చింది. "జయా, మా ఇంటికి తీసుకురా" అంది. ఆమె భాషలో చాపెల్‌కు ఇల్లనే పేరు. భానుప్రకాష్‌ను ఆ పలకల మీదనే పడుకోబెట్టారు. మన పద్ధతిలో మంత్రాలు చదివారు, నోట్లో తులసినీళ్ళు పోశారు, బియ్యం చల్లారు. మార్జరీ ఒక మూల నిలబడి అంతా చూసింది, చివర్న అందరికీ టీ ఇచ్చింది, చీపురు తెచ్చి బియ్యం తానే ఊడ్చింది. "మీ దేవుడికి కోపం రాదా?" అని ఆ పూట జయలక్ష్మి అడిగితే, ఆ చాపెల్ ఎందుకు కట్టారో చెప్పింది.

మార్జరీ ముత్తాతకు తండ్రి ఒక నేతగాడు. ప్రభుత్వం వారి చర్చి మాకొద్దు, మా ప్రార్థన మేం చేసుకుంటాం అని బయటికొచ్చినవాళ్ళలో ఒకడు. అతని ఆడబిడ్డ ఏడాదైనా నిండకుండా జ్వరంతో పోయింది. ఊళ్ళో శ్మశానమంటే చర్చి ఆవరణే. బాప్తిస్మం లేని బిడ్డ గనక ప్రార్థన చదవనన్నాడు ఫాదరు. ఒక మూల గొయ్యి చూపించి, మాట్లాడకుండా పూడ్చుకుపొమ్మన్నాడు. తల్లి గేటు బయటే నిలబడిపోయిందట. ఆ తర్వాత ఆ నేతగాళ్ళంతా మిల్లులో పని దిగాక, చేతిలో లాంతర్లు పట్టుకుని, ఇటుకలు మోసి మోసి చాపెల్ కట్టారు. మన చావుకు మనకొక చోటు ఉండాలని కట్టారు. "ఇంకొకరి శవాన్ని వద్దంటే మా ముసలాళ్ళు లేచి వచ్చి కొడతారు జయా" అని నవ్వింది మార్జరీ.

ఆ నవ్వే కదా ఇప్పుడు జయలక్ష్మి గుండెలో ముల్లై కూచుంది.

చాపెల్‌కు వచ్చేవాళ్ళు తగ్గి తగ్గి, మార్జరీ, ఆమెకు తోడు ఇద్దరు ముసలివాళ్ళు మిగిలారు. తాళం వేసి ఫ్లాట్లు కట్టేవాళ్ళకు అప్పగించడం ఆమెకు ఇష్టం లేకపోయింది. తెలుగువాళ్ళు గుడి కోసం చోటు వెతుకుతున్నారని జయలక్ష్మి చెబితే, మీరే తీసుకోండి అంది. కమిటీ పెద్ద శ్రీకాంత్. వరంగల్లు అబ్బాయి, బ్యాంకు ఐటీలో పని. మంచివాడు కూడాను. గ్యాలరీ పడిపోకుండా బాగుచేయించింది అతనే. ఇచ్చే రోజున మార్జరీ ఒక్కటే కోరింది. "నా ఫ్యూనెరల్ మాత్రం ఇక్కణ్ణుంచే జరగాలి. నన్ను ఆ పలకల మీద పెట్టి పంపండి." శ్రీకాంత్ రెండు చేతులూ జోడించి, తప్పకుండా అన్నాడు. అందరూ తలలూపారు. జయలక్ష్మీ ఊపింది.

ఊపిన తలల్లో ఏముందో చెబితే నవ్వుతారు. మనకు శవం ముందు కూర్చుని సభ చేసే అలవాటు లేదు. మనిషి కాటికి పోయాక, ఫోటో పెట్టి, దండ వేసి, నలుగురు నాలుగు మాటలు చెప్పుకుంటాం. ఫ్యూనెరల్ ఇక్కడే అంటే అదే అనుకున్నారు అందరూ. చాపెల్ వాళ్ళకు పోయిన మనిషి ఎదురుగా లేకుండా ఆ ప్రార్థన లేదని ఎవరికీ తట్టలేదు. జయలక్ష్మికి తెలుసు, కానీ అప్పటికింకా రాముడు రాలేదు. వచ్చాక ఆ సంగతి తలుచుకోవడమే మానేసింది. మార్జరీ కలకాలం ఉంటుందన్నట్టు ఉండిపోయింది.

ఈ ఫిబ్రవరిలో మార్జరీ, చివరి రోజుల రోగులను చూసుకునే హాస్పిస్‌లో చేరింది. మార్చి మొదట్లో, ఇంక బయటికి రాదని నర్సు చెప్పిన రోజే జయలక్ష్మి శ్రీకాంత్ ఇంటికి వెళ్ళింది.

"ఆంటీ, మీ బాధ నాకు తెల్వదా? కానీ గర్భగుడి ముంగట శవమా? మనోళ్ళు ఊకుంటరా?" అన్నాడు శ్రీకాంత్.

"మాట ఇస్తివి కదప్పా! నేను పక్కనే ఉండా ఆ పొద్దు."

"ఇచ్చిన. ఫోటో పెట్టి మాట్లాడుతరు అనుకున్న. బాడీనే తెచ్చి పెడ్తరని నాకేమెరుక?"

"వాళ్ళకు మనిషి లేకుండా ఫ్యూనెరల్ యాడుంటాది అబ్బీ? మీ అంకుల్‌ను ఆ పలకల మీదనే పండబెట్టినాము. ఆయమ్మ వద్దన్యాదా?"

"అప్పుడు దేవుడు లేడు కదా ఆంటీ."

జయలక్ష్మికి ఒళ్ళు మండిపోయింది. "వాళ్ళ దేవుడు ఉన్యాడు కదప్పా!" అని అరిచింది. లోపల చదువుకుంటున్న పిల్లలు బయటికి తొంగిచూశారు. శ్రీకాంత్ తల దించుకున్నాడు గానీ మాట మార్చుకోలేదు.

అక్కణ్ణుంచి పూజారిగారి దగ్గరికి వెళ్ళింది. ఆయనది అమలాపురం వైపు. మెత్తటి మనిషి. "దారి లేకపోలేదమ్మా" అన్నాడు. "స్వామివారి కళను కలశంలోకి తీసుకుని, బయట తాత్కాలికంగా కట్టిన బాలాలయంలో ఉంచి, తర్వాత సంప్రోక్షణ చేసి మళ్ళీ లోపలికి తీసుకురావచ్చు. గుడి మరమ్మతులప్పుడు చేసేదే కదండీ. కానీ కమిటీ చెప్పందే నేను విగ్రహం మీద చెయ్యి వెయ్యలేను." ఆ మాట పట్టుకుని ఆమె కమిటీలో అందరి ఇళ్ళకూ తిరిగింది. ఒకరు టీ ఇచ్చి టాపిక్ మార్చారు. ఒకావిడ, "మా అమ్మాయికి తొమ్మిదో నెల ఆంటీ, మైలపడ్డ గుడికి దాన్ని ఎట్లా తేను?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆమెనేం అనగలదు? తిట్టడానికి దుర్మార్గుడు ఒక్కడూ దొరకలేదు. అందరూ భయపడ్డవాళ్ళే, అదే ఆమె ఖర్మ.

హాస్పిస్‌లో మార్జరీ ఊపిరి అందక, దిండు మీదికి ఒరిగి, ఒక్కొక్క మాటే అడిగేది. పలకలు బాగున్నాయా? ఉన్నాయి. కడియాలు తుప్పు పట్టలేదు కదా? లేదు. నా రోజుకు అంతా సిద్ధం చేస్తావు కదా? ప్రతిసారీ నిజం చెప్పాలనే వెళ్ళేది జయలక్ష్మి. ఆ ఎముకల చెయ్యి తన చేతిలోకి వచ్చేసరికి నోరు పడిపోయేది. "అంతా సిద్ధం మార్జరీ. నీ ఇంటికి నిన్ను తీసుకుపోతాను" అనేది. ఆ మాటతోనే మార్జరీ కళ్ళు మూసింది. బతికున్న మనిషికిచ్చిన మాటయితే కాళ్ళావేళ్ళా పడి వెనక్కి తీసుకోవచ్చు. చచ్చినవాళ్ళ దగ్గర్నుంచి ఎట్లా తీసుకోవడం?

ఫ్యూనెరల్ శుక్రవారానికి కుదిరింది. మర్నాడు శనివారం గుళ్ళో సీతారాముల కల్యాణం. ఊరూరి నుంచి జనం వస్తున్నారు. గురువారం సాయంత్రం శ్రీకాంత్ మూడంతస్తులూ ఎక్కి ఆమె ఫ్లాట్‌కు వచ్చాడు. గుడి తాళాలు ఆమె దగ్గరే ఉంటాయి, దగ్గర ఇల్లు కనుక. కూతురు హాసిని కూడా ఇంట్లోనే ఉంది. మాంచెస్టర్‌లో ఫార్మసిస్టు, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల.

"ఆంటీ, వాకిట్ల మంచిగ చేద్దాం. టెంట్ వేయిస్త, పూలు తెప్పిస్త, మనోళ్ళందరు వచ్చి నిలబడ్తరు. వాళ్ళ ఫాదర్ ఆడ్నే చదువుకుంటడు. కానీ లోపలికి వద్దు. తాళం మీ చేతిల ఉన్నది. శవం గడప దాటదని నాకు మాటియ్యండి."

"ఆ బిడ్డ తల్లిని గేటు బయట నిలబెట్టిన మాదిరే నిలబెడతారా ఆయమ్మను?"

శ్రీకాంత్‌కు ఏ బిడ్డో ఏ తల్లో తెలియదు. చేతులు జోడించి అలాగే నిలబడ్డాడు. అతని కళ్ళల్లో కూడా నీళ్ళున్నాయి. జయలక్ష్మికి ఇంక పట్టుకోవడానికి ఎవరి కాళ్ళూ మిగల్లేదు.

"సరే. శవం గడప దాటదు. పో నాయనా" అంది.

అతను మెట్లు దిగిపోయాక హాసిని కోపంగా, "మమ్, యూ ప్రామిస్డ్ హర్!" అంది. జయలక్ష్మి వంటింట్లోకి పోయి కొళాయి తిప్పి, ఆ చప్పుడులో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ఉన్నట్టుండి కొళాయి కట్టేసి, "హాసినీ, పొద్దున్నే నాతో గుడికి రా. నాకొక్కదానికే లేవవు" అంది. ఏవి లేవవో ఆ పిల్లకు అర్థం కాలేదు.

శుక్రవారం పొద్దున్నే సన్నగా వాన. తల్లీకూతుళ్ళు గుడి తెరిచారు. లోపల పెళ్ళికళ వచ్చేసింది, స్తంభాలకు పచ్చతోరణాలు, గ్యాలరీకి బంతిపూల దండలు. అరుగు మీద రాముడు. జయలక్ష్మి ఆయన వంక చూడకుండా ఎర్ర కార్పెట్ చుట్టింది. కడియం పట్టుకుని, "ఎత్తు" అంది.

"మమ్, ఆర్ యూ ష్యూర్?"

"ఎత్తు తల్లీ. శవం లోపలికి రాగూడదనే కదా అన్యారు. పలకలు బయటికి పోగూడదని ఎవరూ అన్లేదు."

బరువు మామూలు బరువు కాదు. నేతగాళ్ళు నూరేళ్ళకని చేసిన పలకలు, ఇద్దరు ఆడవాళ్ళకు లేస్తాయా? మోకాళ్ళు పట్టేశాయి, గోరు ఊడి రక్తం వచ్చింది. ఒక్కొక్కటీ ఈడ్చి, ఆపి, మళ్ళీ ఈడ్చి, గడప దాటించి వాకిట్లో పక్కపక్కనే పరిచారు. తిరిగి లోపలికి వెళ్ళి తొట్టి చుట్టూ కుర్చీలు అడ్డం పెట్టింది, ఎవరూ పడకుండా. రాముడి పాదాల ముందు తెల్లటి గుంట నోరు తెరుచుకుని ఉంది. "తప్పయితే నన్ను కొట్టు సామీ. ఆయమ్మను కాదు" అని లెంపలు వేసుకుని, తలుపు మూసేసింది.

శవవాహనం వచ్చింది. నల్లకోట్ల వాళ్ళు పేటికను దించి, ఎక్కడ పెట్టాలన్నట్టు చూశారు. జయలక్ష్మి పలకలు చూపించింది. మార్జరీని వాటి మీద పెట్టారు. పక్క ఊరి చాపెల్ నుంచి వచ్చిన పాస్టరు గొడుగు కింద ప్రార్థన చదివాడు. తోడు ముసలివాళ్ళిద్దరూ వణుకుతున్న గొంతులతో పాట ఎత్తుకున్నారు. తెలుగువాళ్ళు శ్రీకాంత్ చెప్పినట్టే వచ్చారు. టెంట్ కింద, పూలతో, దూరంగా. పూజారిగారు రోడ్డు అవతలి నుంచి దణ్ణం పెట్టారు. అంతా మర్యాదగానే జరిగింది. నూటయాభై ఏళ్ళ పైమాట కిందట గేటు బయట నిలబడిన తల్లి మనవరాలి మనవరాలు, వాళ్ళు కట్టుకున్న ఇంటి బయటే, వానలో, మూసిన తలుపు వైపు కాళ్ళు పెట్టుకుని పడుకుంది. జయలక్ష్మి వంగి పేటిక మీద తల ఆనించింది. "ఇంతే చేయగలిగినా మార్జరీ. ఇంతకంటే నా చేత కాల్యా" అని ఆ తడి చెక్కను పట్టుకుని బావురుమంది. హాసిని లేపబోతే లేవలేదు. నల్లకోట్ల పెద్దాయన ఆమె భుజం మీద చెయ్యి వేసి, "వేళయింది, లవ్" అని, ఆ ఊరివాళ్ళు అమ్మా అన్నట్టు వాడే మాటతో పిలిస్తేగానీ వదల్లేదు.

వాహనం మలుపు తిరిగాక శ్రీకాంత్ ఆమె దగ్గరికి వచ్చాడు. కాస్త ఎడంగా నిలబడ్డాడు, ఆమె శవాన్ని ముట్టుకుంది కదా.

"మాట నిలబెట్టుకున్నరు ఆంటీ. ఈ మేలు మర్చిపోను" అన్నాడు. నిజంగానే అన్నాడు. ఆమె తాళంచెవులు మెట్టు మీద పెట్టింది. మైల చేత్తో అతని చేతికి ఇవ్వకూడదు. అతను తీసుకుని, రేపటి పందిరి సంగతి చూడటానికి తలుపు తెరిచి లోపలికి వెళ్ళాడు.

కాసేపటికి గ్యాలరీ అదిరేలా ఒక్క అరుపు వినిపించింది. శ్రీకాంత్ పరుగెత్తుకొచ్చాడు.

"ఆంటీ! లోపల అంత పెద్ద గుంత! రేపు కల్యాణం! పీటలు ఏడ వెయ్యాలె? జనం ఏడ కూసోవాలె? పోరగాళ్ళను పిలుస్త, ఆ పలకలు జల్ది లోపల..."

అంటూ పలకల వైపు చూశాడు. తడిసిన చెక్క మీద పేటిక అంచుల గుర్తు ఇంకా ఆరలేదు, దాని చుట్టూ నలిగిన పూలు. ముందుకు వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

"పిలువు నాయనా" అంది జయలక్ష్మి. గొంతులో కోపం లేదు, ఎగతాళి లేదు. పూర్తిగా అలిసిపోయిన మనిషి గొంతు. "శవాన్ని మోసిన పలకలు. మీ అంకుల్‌ను మోసినాయి, ఆయమ్మను మోసినాయి. గుళ్ళేకి రావచ్చునంటే తీసుకుపో. మరి పలకలు రావచ్చునంటే, మనిషి ఎందుకు రాగూడదో చెప్పి తీసుకుపో."

శ్రీకాంత్ పూజారిగారి వంక చూశాడు. ఆయన రోడ్డు అవతల తల దించుకుని నిలబడి ఉన్నాడు. లోపల గుంట అవతల రాముడు, ఎదురుగా గడియారం. వాన పెరిగింది. జయలక్ష్మి ఇంక నిలబడలేక ఆ పలకల మీదనే కూర్చుండిపోయింది. హాసిని గొడుగు పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది.

శ్రీకాంత్ దగ్గరికి వచ్చి మెల్లగా, "పోనీ, ఇవి మీ ఇంటికి పంపియ్యమంటరా ఆంటీ?" అని అడిగాడు.

ఆమె తల ఎత్తి, రోడ్డు చివర తన మూడో అంతస్తు ఫ్లాట్ కిటికీ వైపు చూసింది.

"మా ఫ్లాట్‌లో చోటు ల్యాదు నాయనా" అంది. "ఆడ చోటుంటే, ఆ పొద్దు మీ అంకుల్‌ను పెట్టుకోని ఈ గడపకు ఎందుకొస్తా?"